టెన్షన్ పోయింది

మూడు వారాలుగా
తెల్లారగట్ల నేను బండి తీస్తే చాలు
మర్రిపాలెంలో మా వీధంతా లేచేది.
పలక మీద బలపం అడ్డంగా గీసినట్టు
ఒకటే కీచు.
పై వాటా పతివాడ మాస్టారు
బనీనుతో బాల్కనీలోకొచ్చి
ఏమీ అనేవారు కాదు. చూసేవారు.

బెల్టు మీద నీళ్లు చల్లమన్నారొకరు,
సబ్బు రాయమన్నారొకరు.
రెండూ చేశాను.
రెండు కిలోమీటర్లు వినయంగా ఉండి
ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కగానే మళ్లీ అందుకునేది,
వెనకసీటు సూటుకేసులవాళ్లు
ఫ్లైటు టైము చూసుకునేలా.

ఆటోనగర్లో దాలినాయుడి షెడ్డు.
కుడిచెవి షిప్‌యార్డులో వదిలేసి వచ్చాడాయన,
ఎడమది సగం.
ఇంజను ఆన్ చేయించి
పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఒక్కో బోల్టుకీ ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి
కళ్లు మూసుకుంటాడు.
ఆల్టర్నేటర్. కాదు.
వాటర్ పంపు. కాదు.
ఏసీ కంప్రెసర్ దగ్గర కాస్త అనుమానపడ్డాడు.
తర్వాత నవ్వాడు.
"టెన్షన్ పోయింది గురూ నీ బండికి.
మనుసులకి పోతే మంచిదే గాని..."

బెల్టు తప్పించి, పుల్లీ ఊడదీసి
నా అరచేతిలో పెట్టాడు.
ఇంత రభసా దీనిదా?
అప్పడమంత కూడా లేదు.
ఇది కరెంటు పుట్టించదు, నీళ్లు తోడదు,
చల్లగాలి ఇవ్వదు.
బెల్టు లోపలి గాళ్లన్నీ మిగతా చక్రాలకి,
దీనికి దక్కేది నున్నటి వీపొక్కటే.
ఆ వీపుని నొక్కిపట్టి
జారిపోకుండా చూడటం,
అంతే దీని ఉద్యోగం.

"తిప్పి సూడు" అన్నాడు.
వేలితో ఒక్కటిచ్చాను.
గిర్రున, బొంగరంలా, ఆగితేనా!
బాగానే తిరుగుతోందిగా, అన్నాను,
పద్దెనిమిది వందల యాభై మిగిలిందన్న ఆశతో.

కొత్తది పెట్టెలోంచి తీసి ఇచ్చాడు.
అదే వేలు, అదే దెబ్బ.
అరచుట్టు తిరిగి
బరువుగా, ఇష్టం లేనట్టు, ఆగిపోయింది.

"లోపల గ్రీజుంటే అలగే ఉంటాది బావూ.
ఎండిపోయిందే ఎగిరెగిరి తిరుగుతాది."

నేనేం మాట్లాడలేదు.
ఈ నెల ఇరవై ఆరు ఎయిర్‌పోర్టులు, నాలుగు అరకులు.
పడుకున్నా రోడ్డు కదుల్తూనే ఉంటోందని
ఎవరితోనూ అనలేదు.
ఎక్కినవాళ్లు మాత్రం అంటారు,
భలే హుషారయ్యా నువ్వు, అని.

ఐటీఐ చదివి చేరిన కుర్రది, పైడితల్లి,
పొడుగు రెంచితో టెన్షనర్ చెయ్యి వెనక్కి లాగి
బొమ్మ చూడకుండానే
బెల్టుని చక్రాల సందుల్లోంచి
జడ అల్లినట్టు తిప్పేసింది.
"వదిలీమంటారా?"
"నిదానంగా" అన్నాడాయన, పెదాలు చూసి.
స్ప్రింగు ఊపిరి పీల్చింది. బెల్టు బిగిసింది.

ఉప్పుగాలి, పోర్టు బొగ్గుపొడి,
ఈ ఊళ్లో బేరింగులకి ఆయుస్సు తక్కువని గొణుక్కుంటూ
పాత పుల్లీని
బిల్లుబుక్కు మీద పెట్టాడు,
కాగితాలు ఎగరకుండా.
అక్కడా అదే పని దానికి.

షీలానగర్ దాటాను.
బండిలో నిశ్శబ్దం కొత్తచొక్కాలా గరగరలాడుతోంది.
ఎయిర్‌పోర్టు మలుపులో వినపడింది:
డిక్కీలో ఏదో
ఇటునించి అటు దొర్లుతోంది.
జాకీ రాడ్డేమో.
ఎన్నాళ్లనించి దొర్లుతోందో.

పక్కకి ఆపాను. దిగలేదు.
సీటు వెనక్కి వాల్చి
ఫోను కట్టేశాను.