రెండో దెబ్బ, నాలుగో దెబ్బ

ఆ చప్పట్లు నావి.
ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది.
మాంట్‌గోమరీలో ఈ వేసవి ఏ కారు డిక్కీ అదిరినా
అందులో అదిరే అరచేతులు ఇవే,
అరవై మూడేళ్ళవి,
బడి క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్ళు పళ్ళేలు కడిగినవి.

మా చెల్లెలి కొడుకు కోర్టేవియస్
పగలు మొబైల్ హైవే మీద టైర్లు మారుస్తాడు.
రాత్రి మా బట్టల అలమరలో దూరి
నా చలికోట్ల మధ్య మైకు వేలాడదీసి
ఊరందర్నీ చిందులెయ్యడానికి పిలుస్తాడు.
ఫ్రిజ్ గురగురలాడుతోందని ప్లగ్గు పీకేశాడు,
నా కోడిమాంసం పాడైంది.
మొదటి ఆల్బమ్‌కి మొదటి ఖర్చు అదే,
రాసుకోమన్నాను.

ఓ మంగళవారం వచ్చి అడిగాడు:
"పెద్దమ్మా, మెషిన్లో చప్పట్లు
ప్లాస్టిక్ చెంచాల్లా ఉన్నాయి.
చర్చిలో కొడతావే, అవి కావాలి."
స్నానాల గదిలో టబ్బు పక్కన నిలబెట్టాడు,
పెంకుల గోడలు శబ్దాన్ని పెంచుతాయట.
ఉంగరం తీసి సబ్బుపెట్టెలో పెట్టాను.

చప్పట్లంటే రెండు చేతులు తగలడం కాదు.
మా అమ్మమ్మ చర్చిలో పియానో లేదు, డ్రమ్ము లేదు.
చెక్కల నేల ఉంది, మడమలున్నాయి.
మొదటి దెబ్బని వదిలెయ్యాలి,
వడ్డించగానే చెయ్యి పెట్టని అతిథిలా.
రెండోదాన్ని పట్టుకోవాలి, కాస్త ఆలస్యంగా,
వస్తాడో రాడో అనుకున్నవాడు
గుమ్మంలో కనబడ్డంత ఆలస్యంగా.
మూడోది మళ్ళీ పోనీ.
నాలుగోది నీది.

అరగంట కొట్టాను. అరచేతులు భగ్గుమన్నాయి.
కూలి: ఒక పొట్లం వేయించిన క్యాట్‌ఫిష్.
అందులో సగం వాడే తిన్నాడు.

ఆల్బమ్ పేరు 'శుక్రవారం చెక్కు'.
పద్నాలుగు పాటలు. కూర్చుని అన్నీ విన్నాను,
చెవులు మూసుకోవాల్సిన చోట మూసుకుని
వేళ్ళ సందుల్లోంచి విన్నాను.
నడుము మీద మూడు. బూట్ల మీద ఒకటి.
క్లబ్బులోకి పోకుండా పార్కింగ్‌లోనే
తెల్లారిపోయినవాళ్ళ మీద ఒకటి.
అది బాగుంది, కాదనను.
'ఇంకో గ్లాసు' అన్నమాట నలభై ఒక్కసార్లు.
వాళ్ళమ్మ డయాలసిస్ మీద ఒక్క ముక్క లేదు.
కరెంటు కోసేసిన నెల మీద లేదు.

అడిగాను. డిస్కుల మీద మార్కరుతో పేరు రాసుకుంటూ
తలెత్తకుండా అన్నాడు:
"అవి జనం ఇళ్ళల్లో ఉన్నవే కదా పెద్దమ్మా.
ఇంట్లో ఉన్నదాన్ని ఎనిమిది డాలర్లు పెట్టి
ఎవడు కొంటాడు?"

అట్ట వెనక చిన్నక్షరాల్లో నా పేరుంది.
వెర్నీస్ అని పడాల్సింది
వార్నిష్ అని పడింది.
పాస్టర్ అట్వాటర్ అడిగితే
ఆ వార్నిష్ ఎవరో నాకు తెలీదన్నాను.
అబద్ధమే. దాని లెక్క వేరే చోట చూసుకుంటాను.

మొన్న గురువారం ఎర్రదీపం దగ్గర
నా పక్కన పాత ఆకుపచ్చ బ్యూక్ వచ్చి ఆగింది.
దాని అద్దాలు, నా అద్దాలు, నా పర్సులో చిల్లర
ఒకేసారి వణికాయి.
లోపల నలుగురు పిల్లలు, బర్గర్ కొట్టు టోపీలతో,
పనికి పోతున్నారో, పని దిగి వస్తున్నారో,
భుజాలు మాత్రం అప్పుడే శనివారంలో ఉన్నాయి.
ఆ భుజాల్ని ఎత్తుతున్నవి, దించుతున్నవి
నా చేతులు.
అమ్మమ్మ మడమ ఎక్కడిదాకా నడిచొచ్చిందో అనుకుంటూ
పచ్చదీపం సంగతి మరిచాను.
వెనకవాడు హారన్ కొట్టాడు. తాళం తప్పాడు.

ఈ ఆదివారం, రెండో కీర్తన.
ఎప్పట్లాగే మొదటిదాన్ని వదిలి
రెండోదాన్ని పట్టుకున్నాను.
చివరి బెంచీలో కునుకుతున్న కుర్రాడొకడు
చటుక్కున తలెత్తి
ఎవరివా చేతులని అటూ ఇటూ వెతికాడు.
పాస్టర్ వైపే చూస్తూ
నాలుగోది కొంచెం గట్టిగా కొట్టాను.