ఎత్తు

మాది చదును దేశం.
నీళ్ళు కూడా ఎటు పోవాలో
లాకుల దగ్గర ఆగి అడిగి పోతాయి.
ఇక్కడ ఎత్తంటే కాలవ మీది వంతెనే,
పల్లమంటే దాని అవతలి పక్కే.

ఆ ఎత్తు మీదే ఆగిపోయేది బండి.
అంబాజీపేట మార్కెట్టుకి వలిచిన కాయ వెయ్యి,
స్టీరింగు దగ్గర మా ఆయన,
వెనక్కి జారుతుంటే చక్రం కింద
కొబ్బరి డొక్క పెట్టడానికి నేను.
కొని ఇరవై రెండో రోజది.
ముందు కట్టిన నిమ్మకాయలింకా పచ్చిగానే ఉన్నాయి.

షోరూములో ఏసీ. టీ ఇచ్చారు.
కుర్రాడు బండేసుకుని వెళ్ళి
ఖాళీగా, చదునుగా, తారురోడ్డు మీద తిరిగొచ్చి
"బండి బంగారమండి" అన్నాడు.
కాగితం మీద రాశాడు: సమస్య కనబడలేదు.
నాకేసి చూడకుండా మా ఆయనతో అన్నాడు:
"క్లచ్చి మీద కాలు తీయట్లేదేమో మీరు."
పందొమ్మిదేళ్ళు పరాయి బళ్ళు తోలిన కాలది.
ఇంటికొచ్చి మంచమ్మీద కూచుని
ఆ కాలికేసి చాలాసేపు చూసుకున్నాడు.

పదకొండుసార్లు తీసుకెళ్ళాం.
పదకొండు కాగితాలు.
జాకెట్టు ముక్కల కవరులో చుట్టి
బియ్యం డబ్బా అడుగున దాచాను, వేపాకుతో సహా.
వాయిదా మాత్రం ఎక్కడా ఆగలేదు.
ప్రతి ఐదో తారీఖునా
మా గుమ్మం సునాయాసంగా ఎక్కేది.

బండి నా పేరున ఉంది.
ఆ సంగతి నాకే గుర్తుచేసింది
గ్రూపు లెక్కలు రాసే మరిడమ్మ.
"నీ పేరున కొన్నది పాడైతే అడగాల్సింది నువ్వే.
ప్లీడరు కూడా అక్కర్లేదే, తెల్లకాగితం చాలు."
మూడు చింపేశాను.
నాలుగోదాంట్లో ఏడుపు తీసేసి
తారీఖులు పెట్టాను.

కాకినాడ బస్సు ఎదుర్లంక వంతెనని
ఒక్క గుక్కలో ఎక్కేసింది. కుళ్ళుకున్నాను.
కంపెనీ వకీలు నెమ్మదిగా, మర్యాదగా:
"అధిక బరువు. తోలడం చేతకానితనం."
తర్వాత నన్ను పిలిచారు.
పెచ్చెట్టి భూలక్ష్మి, ఫిర్యాదుదారు.
శుభలేఖ తర్వాత
నా పేరు అంత పూర్తిగా ఎవరూ చదవలేదు.
"ఏం కావాలమ్మా?"
డబ్బు అనాలనుకునే వెళ్ళాను.
"వెయ్యి కాయ వేసి వంతెన ఎక్కించండి బాబూ,
మీ కాగితంలో ఉన్న బరువు కన్నా
ఒక్క కాయ ఎక్కువొద్దు" అన్నాను.

పాలిటెక్నిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. సన్నగా చినుకులు.
కాయ నేను లెక్కపెట్టాను,
కంపెనీ మనిషి మళ్ళీ లెక్కపెట్టాడు.
మా ఆయన్ని తోలనివ్వలేదు.
గట్టు మీద నిలబడ్డాడు, చెప్పులు విడిచి, ఎందుకో.
బండి ఎక్కుతోంది.
ఇన్నాళ్ళూ ఎక్కాలని మొక్కుకున్నదాన్ని
ఆవేళ ఎక్కకూడదని మొక్కుకున్నాను.
నడిమధ్యకి రాగానే అదే పాత మూలుగు.
నవ్వొచ్చింది. సిగ్గూ వేసింది.
చేతిలో డొక్క ఉంది కదా,
పరిగెత్తి చక్రం కింద పెట్టాను.

తీర్పు వచ్చింది. డబ్బింకా రాలేదు.
పైకి వెళ్ళారట, విజయవాడకి.
ఐదో తారీఖు వస్తూనే ఉంది.
అయినా రాత్రి అన్నాలయ్యాక
ఆ కాగితం తెమ్మంటాడు, నాలుగో పేజీ.
"లోపం వాహనపు తయారీలోనిది.
నడిపిన వ్యక్తి తప్పిదం రుజువు కాలేదు."
మళ్ళీ అంటాడు.
మళ్ళీ చదువుతాను.
మంచమ్మీంచి వేలాడేసిన ఎడమకాలు
మెల్లగా ఊపుతూ వింటాడు.