పాస్‌పోర్ట్ సైజు, ఎనిమిది కాపీలు

మైత్రీవనం వెనక గల్లీలో
జిరాక్సు మిషన్లకీ దోసెల పెనానికీ నడుమ
ఆరడుగుల స్టూడియో మాది.
తెల్లగుడ్డ ముందు ఒక స్టూలు,
దాని మీద రోజుకి అరవై మొహాలు.
గడ్డం కొంచెం పైకి, భుజాలు సమానం,
నవ్వొద్దు. క్లిక్.

ఆ తర్వాతి పని నాది.
పక్కనున్న మంచి చర్మం కాస్త అరువు తెచ్చి
మొటిమ మీద అద్దుతాను.
ఒక్క నొక్కు. పోయింది.
"అక్కా, గదుమ మీదిది కూడా..."
అదీ పోయింది.
నగరంలో చర్మం డాక్టర్లంతా ఏడాదంతా మాన్పినవి
నువ్వొక్క శనివారం మాన్పుతావమ్మా
అంటాడు ఖలీల్ భాయ్.

కరెంటు పోతే
నల్లబడ్డ స్క్రీనులో నా మొహం.
ఇరవై ఏడేళ్ళు. ఈ వయసులో మొటిమలా అని
అడగనివాళ్ళు పాపాత్ములు.
హాస్టల్ వంట యాదమ్మ, వేడి చేసింది బిడ్డా, సబ్జా నీళ్ళు తాగు.
రూమ్మేటు, బోరు నీళ్ళ వల్ల.
మేనత్త ఫోనులో, పెళ్ళయితే అవే పోతయి.
మాడిన గిన్నె తోమినట్టు
పూటకి మూడుసార్లు తోమాను మొహాన్ని.
అది మండింది. అవి ఉన్నాయి.

మందుల షాపు కుర్రాడు చీటీ అడక్కుండానే
చిన్న ట్యూబొకటి ఇచ్చాడు.
నాలుగు రోజులు చందమామని.
నలభయ్యో రోజుకి
బుగ్గ నిండా గింజలు, ఎండ తగిలితే సూదులు.

గాంధీ ఆసుపత్రి ఓపీ, నంబరు నూట పద్నాలుగు.
డాక్టర్ తస్నీమ్ నా వంక కన్నా ముందు
ట్యూబు వంక చూసింది.
"ఇది ఆపు. ఆపగానే ఇంకా రేగుతాయి, బెదరకు."
చీటీ వెనక బొమ్మ గీసింది:
వెంట్రుక మొదట్లో నూనె తిత్తి,
దాని పైన సన్నటి గొట్టం.
హార్మోన్లు పోరు పెడితే నూనె ఎక్కువ ఊరుతుంది,
రాలాల్సిన చర్మం రాలక మూతికి బిరడా అవుతుంది,
ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులే
గాలాడని ఆ గదిలో సంతానం పెంచుకుంటాయి.
ఒళ్ళు ఊరుకోదు, ఎగబడుతుంది.
ఆ ఎరుపూ ఆ వాపూ ఆ తగాదావే.
"మురికి కాదమ్మా."
నెలసరి అడిగింది. అమ్మకి ఉండేవా అని అడిగింది.
ఉండేవేమో.
అమ్మ బుగ్గల మీది గుంటలు
ఆటలమ్మ మచ్చలనుకున్నాను ఇన్నాళ్ళూ.

రాత్రికి బఠాణీ గింజంత, మొహమంతటికీ.
పొద్దున ఎండ కాచే క్రీము.
గిల్లొద్దు. పన్నెండు వారాలు.
"పన్నెండా?"
నా వేలికి ఒక్క క్లిక్ అలవాటు.

మూడో వారం మరీ అధ్వాన్నం.
ఐదో వారం మెరూన్ దిండు గలేబు మీద
మందు అంటిన చోటల్లా తెల్లమచ్చలు.
గలేబు రంగు తీసిందానివి
నా ఎరుపు తీయలేవా అని తిట్టుకున్నాను.
లెక్క మర్చిపోయాక ఎప్పుడో
మొహం కడుక్కుంటుంటే
చేతికి తగలాల్సిన గరుకు తగల్లేదు.

అప్పుడే వచ్చింది వనపర్తి పిల్ల నవనీత
హాల్ టికెట్ పట్టుకుని.
గేటు దగ్గర మేడం ఫోటోనీ మొహాన్నీ
మూడుసార్లు చూసి
"ఇది మీ అక్కదా?" అందట.
లోపలికి పోనిచ్చారు గానీ
మొదటి పావుగంట పెన్ను వణికిందట.
ఆదివారం ఇంకో పరీక్ష ఉంది.
"అక్కా, మొటిమలు మళ్ళీ పెట్టవా?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని పని.
పాత ఫైలు తీశాను.
నుదుటి మీద నాలుగు, గదుమకి ఎడంగా ఒకటి,
ముక్కు పక్కన పండినది,
అన్నీ భద్రంగా ఉన్నాయి.
ప్రింటు వచ్చేలోపు
దాని బ్యాగు పక్కజేబులో కనబడింది
అదే చిన్న ట్యూబు.

నేను డాక్టర్ని కాను.
ఫోటోల కవరు వెనక
తిత్తి, గొట్టం, బిరడా గీశాను.
బొమ్మ వంకరగా వచ్చింది.
కింద ఓపీ వేళలు రాసి
నలభై రూపాయలు తీసుకున్నాను.
ఇంకో పది అడగమన్నాడు ఖలీల్ భాయ్,
మళ్ళీ పెట్టినందుకు.