ఆమైన?

చీమకుర్తిలో బస్సు దిగితే
ముందు చెప్పుల్లోకి దుమ్మొస్తుంది,
తర్వాతే ఊరొస్తుంది.
ట్రైలర్ లారీ మీద ఒక్కటే నల్లబండ,
నగలేసుకున్నట్టు గొలుసులేసుకుని
ఓడెక్కడానికి పోతా ఉంది.

మాలకొండయ్య మావ ఇరవై ఆరేళ్లు క్వారీలో చేశాడు.
బండ తెగ్గానే ముందు ఆయన్నే పిలిచేవాళ్లు.
సుత్తితో తట్టి, చెవి ఆనించేవాడు.
ఖంగుమంటే మంచిది.
డబ్ మంటే లోపలెక్కడో వెంట్రుకంత పగులు.
ఎర్రరంగుతో ఆయన గీత గీశాడా,
ఆ బండ ఇక ఓడెక్కదు.
ముక్కలై ఎవరి గడప ముందో మెట్టవుద్ది.

రాళ్లను వినీ వినీ
చెవులు రెండూ క్వారీలోనే వదిలేసి వచ్చాడు.
కొడుకు కొనిచ్చిన చెవి మిషను
బీరువాలో, చీటీల పుస్తకం పక్కన ఉంటుంది.
“అది పెట్టుకుంటే ఫ్యాను కూడా మాట్లాడుద్ది” అంటాడు.

నేను పోయింది ఆయన కోసం కాదు,
సింగరమ్మత్త కోసం.
ఒంగోలు ఆసుపత్రి నించి వచ్చి అప్పటికి నెలా పది రోజులు.
అందరూ చెప్పేశారు నాకు:
వయసుందిలే అని,
దేవుడికి తెలుసులే అని,
బొప్పాయి గానీ తిన్నావా అని,
మా తోడికోడలికీ ఇట్టాగే అని.
నా మాట సగంలో ఉండగానే
వాళ్ల మాట వచ్చి పడేది,
బస్సు కిటికీలోంచి సీటు మీదకి తువ్వాలేసినట్టు.

అత్త రేషను షాపుకి పోయింది.
మావ ఒక్కడే, చింతపండుకి గింజ తీస్తా ఉన్నాడు.
నన్ను చూసి కత్తి పక్కన పెట్టాడు.
మోత లేకుండా ఆడుతున్న టీవీని ఆపాడు.
కుర్చీని వెలుగు వైపు తిప్పి
నన్ను అందులో కూర్చోబెట్టి
మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా
తను స్టూలు లాక్కున్నాడు.
పెదాలు కనపడాలి కదా.

ఊఁ కొట్టడం కూడా ఆయనకి ఆలస్యమే.
నా పెదాలు ఆగాక
ఒక ఊపిరి తర్వాత వచ్చేది ఆ ఊఁ.
ఆ ఊపిరంత ఖాళీలో
నేను అనుకోని మాటలు బయటికొచ్చాయి.
మరీ ఆగిపోతే “ఆమైన?” అనేవాడు.
అంతే. ఇంకో మాట లేదు.

ఏడో నెలని చెప్పాను.
ఆమైన?
టంగుటూరు టోలుగేటు దగ్గర ఆగిపోయిన ఆటో.
ఆమైన?
మా ఆయన వార్డు బయట నిలబడి
సెల్లులో చార్జింగు ఎంతుందో చూసుకుంటా ఉండటం,
దానికి నాకొచ్చిన కోపం,
అది కోపం కాదని ఇదిగో ఇప్పుడే, చెప్తా చెప్తా తెలియడం.
ఆమైన?
కాగితంలో పాప పేరు రాయాల్సిన చోట
‘బేబీ ఆఫ్’ అని పెట్టి నా పేరే రాయడం.
అక్కడ...
అక్కడ నించి ఇంటికొచ్చేశాం, అన్నాను.

అత్త బియ్యం సంచితో వచ్చింది.
“ఆ మనిషికేం చెప్పావే తల్లీ,
సగం కూడా అర్థమై ఉండదు” అంది.
నిజమే కావచ్చు.
టోలుగేటుని ఏమనుకున్నాడో.
ఆ ‘బేబీ ఆఫ్’ని ఏమనుకున్నాడో.

బస్సు దాకా వచ్చాడు.
కిటికీ కింద రేకు మీద అరచెయ్యి ఆనించాడు,
బండ మీద ఆనించినట్టే.
మెల్లిగా అంటున్నాననుకుని గట్టిగా అన్నాడు,
బస్సంతా తిరిగి చూసింది:
“అమ్మే, ఆ కాగితం కాడ ఒకచోట డబ్ మంది.
తొందరేం లేదు.
ఈసారొచ్చినప్పుడు చెబుదువులే.”

ఐదో నెలలోనే అనుకున్న పేరది.
మా ఆయనకి కూడా చెప్పలేదు.
రెండక్షరాలు. రెంటికీ పెదాలు కలవాలి,
చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఆదివారం మళ్లీ పోతాను.
చింతపండు ఇంకా రెండు తట్టలు మిగిలిందంట.