అక్షరానికింత

కొండమల్లేపల్లి చౌరస్తా దాటినంక
టైర్ల షాపు పక్కపొంటి నా రేకుల షెడ్డు.
గోసుల ఈదయ్య రాజకీయమంతా
నా ఉలి కిందికెల్లే పోయింది.

మొదటిసారి లూనా మీద వచ్చిండు.
కొత్త సర్పంచి. బడికి ప్రహరీ గోడ.
అక్షరానికి రూపాయి పావలా అంటే
"గారు తీసెయ్యే, గోడకు గారెందుకు" అన్నడు.
ఆ రాయి మీద ఆయనది కింది నుంచి రెండో వరుస,
మేస్త్రీ పేరుకు మీద.

ఎంపీపీ అయినంక ముందల "శ్రీ" చేరింది.
జడ్పీటీసీ నాటికి "గారు" తిరిగొచ్చింది.
ఎమ్మెల్యే అయిన ఏడాదైతే
దసరా దాకా నాకు నిద్రలేదు.
సీసీ రోడ్లు, పశువుల దవాఖాన,
బస్సే రాని ఊర్లె బస్ షెల్టరు.
గౌరవ శాసనసభ్యులు. తొమ్మిదక్షరాలు.
నా బిడ్డ ఇంటర్ ఫీజు ఆ తొమ్మిదిట్లకెల్లే కట్టిన.

ఒకసారి మంత్రి పేరు కంటే
ఈయన పేరు నూలుపోగంత లావైందని
పొద్దుగూకినంక జీపుల రాయి వాపసొచ్చింది.
రాతిల అక్షరాన్ని లావు చేసుడు అల్కగనే,
సన్నం చేసుడెట్ల?
మొత్తం రాయి మొకమే దించి
మళ్ల మొదటికెల్లి చెక్కిన.
తెల్లారి కొబ్బరికాయ కొట్టిండ్రు.

శంకుస్థాపన రాయికి తారీఖు ముందు పుడుతది,
పని తర్వాత పుట్టాలె.
ఎర్రబాయి ట్యాంకుకు పుట్టనే లేదు.
కృష్ణా నీళ్లు, లక్షా యాభై వేల లీటర్లు
అని నేనే చెక్కిన,
ఫ్లోరిన్ నీళ్లకు వంకరవోయిన ఈ మోకాళ్ల మీద కూసోని.
కోడ్ వచ్చిందన్నరు. తర్వాత ఓడిండన్నరు.
రాయి షెడ్డులనే ఉన్నది,
మూడు వేల ఎనబై బాకీతోని.

మూడేండ్లకు గుడి కమానుకు దాతల పేర్లు.
ఆయన మనిషి చీటీ తెచ్చిండు.
"మాజీ" బాల్‌పెన్నుతోని కొట్టేసి ఉంది.
అబద్ధం చెక్కితే రాయి ఊకుంటది, ఊరు ఊకోదు.
చెక్కిన.
ఆ రెండక్షరాలకు పైసలు తీసుకోలే.

మొన్న ఆషాఢంల షేర్ ఆటో దిగిండు, ఒక్కడే.
తెల్లంగీకి ఇస్త్రీ ఒక్క దిక్కే ఉంది.
"అమ్మ పోయింది" అన్నడు.

ఎరుకే నాకు ఆ ముసల్ది.
నడుము ఇరిగినట్టు వంగి నేలను చూసుకుంటనే నడిచేది.
కొడుకు గెలిచిన ఊరేగింపుల
జీపు టైర్లు తప్ప ఏం చూడలేదని ఊరోళ్లు నవ్వేటోళ్లు.

మూలకున్న రాయి ఆయనే గుర్తువట్టిండు.
అరచేత్తో దుమ్ము తుడుసుకుంట వచ్చి
తన పేరు కాడ ఆపిండు.
"దీని ఎనక నున్నగుంటదా?"
"చేస్తే అయితది."

గోసుల సాయమ్మ.
కొడుకు పేరుకెన్నో తల్లి పేరుకన్నే, ఆరక్షరాలు.
"గారు పెట్టాల్నా?" అన్న.
"పెట్టు."
పుట్టిన తారీఖు అడిగితే నోరు మెదపలే,
ఊరందరి పింఛన్ కాయిదాల మీద
వయసులు రాయించిన మనిషి.
ఆ జాగ ఖాళీగనే ఇడిసిన.

పాతబాకీ కలిపి చెప్పమన్నడు. చెప్పిన.
నోట్లు రెండుసార్లు లెక్కవెట్టిండు.
ట్రాలీల ఎక్కించేటప్పుడు డ్రైవర్ పోరడు
"ఏ మొకం పైకి పెట్టాలె సేటూ" అన్నడు.
ఇద్దరం కొద్దిసేపు ఏం అనలే.

నిలువుగ పెట్టుమన్న.