సింక్ కోసిన ముక్క

రెండో వంటిల్లు ఎందుకని ఎవరూ అడగలేదు.
కనకపుర రోడ్డులో మా లేఅవుట్ అంతా అంతే,
ఒకటి వండడానికి,
ఒకటి వండినట్టు కనపడడానికి.
మాకు ఆ రెండోది బాకీ.

మేఘశ్రీ తొమ్మిది ముక్కలు తెచ్చి
బల్ల మీద పేకల్లా పరిచింది.
తెల్ల క్వార్ట్జ్, బూడిదరంగు క్వార్ట్జ్,
అదే బూడిదలో ఇంకో బూడిద,
ఇటలీ ఊరి పేరున్న పాలరాయి ఒకటి.
"ఇక్కడ పోపు పడదు కదా మేడం?"
పడదన్నాను.
అన్నాక ఎందుకో నాలిక కొంచెం ఎండింది.

ముక్కల్ని ఆ రాత్రికి నా దగ్గరే ఉంచుకున్నాను.
శశిభూషణ్ పడుకున్నాక
ఒక్కోదాని మీద చిటికెడు తడి పసుపు,
ఓ నిమ్మచుక్క,
గోంగూర పచ్చట్లోంచి తేరిన నూనెబొట్టు.
ఇరవై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ లెక్కలు ఆడిట్ చేసినదాన్ని,
మెరుపు చూసి సంతకం పెట్టను.

పొద్దున్న తుడిస్తే
తెల్లవన్నీ పేరంటానికి వెళ్ళొచ్చినట్టున్నాయి.
నిమ్మచుక్క పడ్డచోట
ఇటలీ ఊరికి కంట్లో పొర.

తలుపుల్లో మొహం కనపడాలంటాడు శశిభూషణ్,
అద్దంలాంటి అక్రిలిక్ కావాలట.
సిద్దగంగమ్మ ఆ నమూనా మీద బొటనవేలు ఆనించి, తీసి,
"ఈ ముద్దర్లు యారు తుడుస్తారక్కా?" అంది
తన పావగడ తెలుగులో.
మ్యాట్ ఖాయమైంది.
అది మేఘశ్రీ సలహా అనే
ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆదివారం జిగణి.
రాళ్ళక్కడ పుస్తకాల్లా నిలబడి ఉంటాయి,
ఎవరూ తిరగెయ్యలేనంత బరువు పుస్తకాలు.
రంపం కింది నీళ్ళు గంజిలా కాలవకట్టి
మా చెప్పుల్ని రాసుకుంటూ పోతున్నాయి.
కనుబొమల దాకా పొడి పట్టిన కుర్రాడు
మా మాటలు విని
హిందీలోంచి తెలుగులోకి దిగాడు.
మగ్గెడు నీళ్ళు చల్లాడు.
నల్లరాయి లోపల రాగి నలుసులు లేచాయి,
కట్టెలపొయ్యి మీంచి దించిన మూకుడు మసిలో
నిప్పురవ్వలు పాకినట్టు.

"చీమకుర్తిదమ్మా. బిల్లులో గెలాక్సీ అని రాస్తాం."
మీదే ఊరు?
"దీందే."
వేలి కణుపుతో తట్టి చెవి పెట్టాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
కంగుమంది.
"బీట లేదు."

నిగనిగ వద్దు, లెదర్ ఫినిష్ ఇవ్వమన్నాను.
చెయ్యేస్తే ఎండురేగుపండు తోలులా ఉంటుందది.
శశిభూషణ్ అడుగుకి ఎంతని అడుగుతున్నాడు.
నేను అడగాలనుకున్నది వేరే,
ఇది లేచొచ్చిన చోట
ఇప్పుడేం ఉందని.
ఈలోపు కుర్రాడు మగ్గు పట్టుకుని
ఇంకెవరికో ఇంకేదో రాయిని తడిపి చూపిస్తున్నాడు.

బిగించిన రోజు సింక్ కోసం నట్టనడుమ కోశారు.
ఊడొచ్చిన ముక్క, రెండడుగులకి కొంచెం ఎక్కువ,
గోడకి ఆనించి
"పారేసేదా?" అన్నాడు మేస్త్రీ.
సిద్దగంగమ్మ చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.
"ఉండనీ. నాకు కావాల."

ఇప్పుడు శనివారాలు జనం వస్తారు.
గ్లాసుల్లో ఐసు, రాయి మీద మోచేతులు.
"ఎక్కడిదండీ, బ్రెజిలా?" అంటారు.
చీమకుర్తి అంటే
నేనేదో జోకేశానని నవ్వుతారు.
సొరుగులు నొక్కి నొక్కి చూస్తారు,
లోపల ఒక్క గరిటె లేదు.

నేను ఐసు తెస్తానని
లోపలి వంటింట్లోకి వెళతాను.
అక్కడ స్టూలు మీద పరిచిన ఆ ముక్క.
దాని మీద పసుపు పడింది, నూనె పడింది,
నేను ఏ పొద్దునా లెక్క రాసుకోలేదు.
సిద్దగంగమ్మ ఒబ్బట్టు తడుతోంది.
మైదా అంటని చోట రాగి నలుసులు.
పూర్ణం చిట్లకుండా అంచు పట్టి ఎత్తుతుంది,
రాయి చల్లగా
వదిలేస్తుంది.