లోయ మీద సమానపు గుర్తు

చియాతురాలో నా ఉద్యోగం తలుపు మూయడం,
గొళ్లెం బిగించడం, గంట కొట్టడం.
తీగ మీద వేలాడే ఇనుప పెట్టె
ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆరు నిమిషాలు.
కింద క్విరిలా ఏరు, మాంగనీసు కడిగిన నీళ్లతో
కాటుక కరిగినట్టు.

పొద్దున ఏడుంబావుకి గెగా ఎక్కేవాడు.
పదిహేనేళ్లు. చలికి కందిన చెవులు. కదిలే పెదాలు.
ప్రార్థన అనుకున్నాను మొదట్లో.
"ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్..."
ఏ స్క్వేర్ అనేవాడు, బీ స్క్వేర్ అనేవాడు,
దిగి వెళ్లిపోయేవాడు.
మధ్యలోది ఏదో రోజూ లోయలో పడిపోయేది.

నాకు లెక్కలు రావు.
టికెట్టు చిల్లర వచ్చు, మొక్కజొన్న రొట్టె కొయ్యడం వచ్చు.
ఒకరోజు డబ్బా తెరిచి, రేకులో కాల్చిన చదరపు రొట్టెని
వాడి నోట్సు అట్ట మీద పెట్టాను.
నిలువుగా ఒక గాటు, అడ్డంగా ఒకటి.
పెద్ద చదరం నీది, చిన్న చదరం నాది,
మరి ఈ రెండు పొడుగు ముక్కలూ ఎవరివిరా?
"టూ ఏ బీ!" అన్నాడు,
తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు.
రెండు ముక్కలూ వాడే తినేశాడు.

జురాబ్ గనిలో పోయి అప్పటికి నాలుగేళ్లు.
ఆయన వస్తువులు ఆయన పెట్టెలో ఉన్నాయి,
నావి నా దగ్గర ఉన్నాయి.
ఇంట్లో ఖాళీ అయిందేమిటో
ఆ రోజుదాకా నేను లెక్క కట్టలేదు.

మంచు పడేనాటికి త్రికోణమితి వచ్చింది.
"ఆ క్రేను చెయ్యి చూడు లామారా అత్తా.
దాని పొడవు ఒకటి అనుకో."
ఒకటేమిట్రా, పాతిక మీటర్లుంటుంది.
"అనుకో."
అనుకున్నాను.
పైకి లేస్తే ఎత్తు పెరుగుతుంది, అందుకునే దూరం తగ్గుతుంది.
వాలితే తిరగబడుతుంది.
"రెండింటి వర్గాలూ కలుపు. ఎప్పుడూ ఒకటే."
ఏ కోణానికైనా?
"ఏ కోణానికైనా. అందుకే సర్వసమీకరణం అంటారు."
ఆదివారం కూడా?
"ఆదివారం కూడా."
రొట్టె ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటిగా ఉన్న ఆ ఏడు
అంత గట్టి మాట నాతో ఎవరూ అనలేదు.

జనవరిలో, సరిగ్గా నడిమధ్యలో ఉండగా కరెంటు పోయింది.
పెట్టె ఊగి ఊగి నిలిచింది.
వాడూ, నేనూ, ఎవరిదో బంగాళాదుంపల బస్తా.
వాడి నోట్సులో ఒక నిరూపణ కూడా సగంలోనే ఆగి ఉంది.
జవాబు తెలిసిందేగా, రాసెయ్ అన్నాను.
"కూడదు. నోదారి మాస్టారు కొట్టేస్తారు.
ఎడమవైపు మొదలెట్టి కుడివైపు వచ్చేదాకా నడవాలి.
సమానమని ముందే అనుకుని దాటెయ్యకూడదు.
అది తేల్చడానికే కదా బయల్దేరాం?"

అద్దం మీది మంచు గోటితో గీకి చూశాను.
పైన రెండు తీగలు, పక్కపక్కనే, తెల్లగా.
ఆ గట్టున బడి, బేకరీ.
ఈ గట్టున గని, జురాబ్ సమాధి.

టాన్‌కి తొంభై దగ్గర విలువ లేదట.
మరేం చేస్తారు?
"అక్కడ తప్ప, అని పక్కన రాస్తాం."
అంతేనా?
"అంతే."
నాకది నచ్చింది.

మూడో గంటకి మనుషులొచ్చి చేతిచక్రం పట్టారు.
జానెడు, ఆగడం, మళ్లీ జానెడు.
కుదుపుకొక అక్షరం గీత దాటుతున్నా
వాడు రాస్తూనే ఉన్నాడు.
గట్టు మీద కాలు పెట్టాక
"ఒక్క నిమిషం అత్తా, తిరుగు" అని
నా వీపుకి నోట్సు ఆనించి చివరి వరుస రాశాడు.

కోటు మందం. అక్షరాలేవీ తెలియలేదు.
ఆ రెండు గీతలు మాత్రం తెలిశాయి.